ఊరి చెరువు కోసం నలుగురూ కలిసి కోర్టు దాకా వెళ్లాలంటే ఏం చేయాలి

చెరువు గర్భంలో మట్టి పోసి చదును చేస్తున్నారనో, గెడ్డకు (వాగుకు) అడ్డంగా గోడ కట్టేశారనో ఫోన్ చేసేవాళ్లు మొదటి మాటగానే "పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేసేద్దామా?" అని అడుగుతారు. వేద్దాం, కానీ ఈ రోజే కాదు. శ్రీకాకుళం జిల్లాలో రైతులు, మత్స్యకారులు, మహిళా సంఘాల వాళ్లు, ఇద్దరు ముగ్గురు వకీళ్లు ఒక వేదికగా ఏర్పడి ఇలాంటి పనులు చేస్తుంటే దగ్గరుండి చూసినవాణ్ని. ఊళ్లో గట్టిగా తయారైన కేసే హైకోర్టులో నిలబడుతుంది. ఊళ్లో తయారు కాకుండా పరుగెత్తుకెళ్లిన కేసు హైకోర్టు ఉన్న నేలపాడు దాకా వెళ్లి రెండు వాయిదాల్లో తిరిగొచ్చేస్తుంది, ఆ తర్వాత మళ్లీ పిలిస్తే ఎవరూ రారు.

అందుకే మేం చేసే పద్ధతిని వరసగా రాస్తున్నాను. ఉదాహరణకి చెరువునే పట్టుకున్నాను గానీ తాగునీరైనా, ఫ్యాక్టరీ పొగైనా, రిజర్వాయర్ నిర్వాసితుల గోడైనా దారి చాలావరకు ఇదే.

సమస్యను ముందు ఒక్క వాక్యంలో రాయండి

ఎవరికి, ఏం, ఎప్పటి నుంచి పోయింది? ఈ మూడూ ఒక్క వాక్యంలో రావాలి. "మా ఊరి చెరువు తూర్పు గట్టు వైపు మూడెకరాల దాకా కప్పేశారు, రెండేళ్లుగా కింద ఆయకట్టుకి నీరందడం లేదు" అంటే అది సమస్య. "అంతా దోచేస్తున్నారు సార్" అంటే అది కోపం, న్యాయమైన కోపమే కావచ్చు, కానీ దాని మీద కోర్టు ఏ ఆర్డరూ ఇవ్వలేదు.

ఇంకో సంగతి కూడా ఈ దశలోనే తేల్చుకోండి. ఇది నిజంగా పదిమంది సమస్యేనా? అన్నదమ్ముల గట్టు తగాదాకి ప్రజా ప్రయోజనం అని పేరు పెడితే మొదటి రోజే బయటపడిపోతుంది. ఉద్యోగాల బదిలీలు, ప్రమోషన్లు పిల్ కిందకి రావని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పేసింది. బాధితుడే స్వయంగా రావాలన్న పట్టింపు లేకుండా, అతని తరఫున ఇంకొకరు కోర్టుకి రావచ్చన్న మార్గం మనకి ఊరికే రాలేదు. 1979లో బీహార్ జైళ్లలో విచారణ లేకుండా ఏళ్లతరబడి మగ్గిపోయిన ఖైదీల కోసం హుస్సేనారా ఖాతూన్ కేసు, ఆ తర్వాత 1981లో ఎస్.పి. గుప్తా కేసు, ఇలా ఒక్కో తీర్పుతో ఆ తలుపు తెరుచుకుంది. సొంత పనులకి దాన్ని వాడుకునేవాళ్లు ఎక్కువైపోయారని 2010లో సుప్రీంకోర్టే బల్వంత్ సింగ్ చౌఫాల్ కేసులో హైకోర్టులన్నిటికీ జాగ్రత్తలు చెప్పింది. పిటిషనర్ ఎవరు, అతని ఉద్దేశం ఏమిటి అన్నది ముందు చూడండి, పనికిమాలిన పిల్ అయితే వేసినవాడి మీదే కోర్టు ఖర్చులు వేయండి అని. కాబట్టి మీ ఉద్దేశాన్ని మీరే ముందు పరీక్షించుకోండి.

ఎవరెవరు కూర్చోవాలి

ఆయకట్టు రైతులు ఎలాగూ వస్తారు. వాళ్లతో ఆగిపోవద్దు. ఆ చెరువులో చేపలు పట్టుకునే సొసైటీ వాళ్లు, బట్టలు ఉతికే రజక కుటుంబాలు, గేదెల్ని తోలుకెళ్లేవాళ్లు, మహిళా సంఘం, రిటైరైన మాస్టారు ఒకరు, ఆ ప్రాంతం తెలిసిన విలేకరి, పట్నంలో ప్రాక్టీస్ చేసే వకీలు. అన్ని పార్టీల వాళ్లూ ఉండొచ్చు, ఉంటే మంచిది కూడా. ఒక్కటే షరతు, మీటింగుకి కండువాతో రాకూడదు.

మొదటి మీటింగులోనే ఒక్క పేజీ ఒప్పందం రాసుకోండి. నిర్ణయం ఎలా తీసుకుంటాం, పత్రికలతో ఎవరు మాట్లాడతారు, డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, రాజీ ప్రస్తావన వస్తే ఎవరు ఒప్పుకోవాలి. ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. మా అనుభవం చెప్తాను. ఒకసారి మాలో ఒకాయన మంచి ఉద్దేశంతోనే ఒంటరిగా ఒక అధికారి చాంబర్‌కి వెళ్లి అరగంట మాట్లాడి వచ్చాడు. మర్నాడు పొద్దున్నకి టీ కొట్టు దగ్గర "అమ్ముడుపోయారట" అన్న మాట పుట్టింది. అది అబద్ధమని మా అందరికీ తెలుసు, కానీ ఆ మాట తుడవడానికి మాకు రెండు నెలలు పట్టింది, ఈలోపు ఇంకో పది ట్రాక్టర్ల మట్టి పడింది. అప్పటి నుంచి ఏ ఆఫీసుకైనా ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్తాం, ఆ ముగ్గురిలో ఒకరు తప్పకుండా ఆ ఊరి మనిషి, వీలైతే ఆడమనిషి ఉంటారు. బయటికొచ్చాక ఏం మాట్లాడామో అదే రోజు సాయంత్రం ఊళ్లో చెప్పేస్తాం.

సంఘం రిజిస్ట్రేషన్ గురించి మొదట్లోనే టెన్షన్ పడొద్దు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే రిజిస్టర్ చేసుకోవచ్చు, కానీ పిటిషన్ ఊరివాళ్ల పేరు మీదే వేయొచ్చు.

డబ్బు మాట. చందా ఎంత చిన్నదైనా రసీదు ఇవ్వండి, లెక్క నెలనెలా చదవండి. విదేశాల్లో ఉన్న సంస్థ ఎవరైనా సాయం చేస్తామంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క రూపాయి తీసుకోవద్దు. వకీలు ఫీజు ముందే మాట్లాడుకోండి. "గెలిస్తే పరిహారంలో ఇంత శాతం" అనే ఒప్పందం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం కుదరదు, ఎవరైనా అలా అడిగితే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఫీజు కట్టుకోలేని వాళ్లకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం కింద ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, విపత్తు బాధితులు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును అడగొచ్చు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు, ఫోన్ చేయాలంటే 15100. మా జిల్లాలో చాలామందికి ఈ నంబరు తెలియదు, మీ ఊరి పంచాయతీ గోడ మీద రాయించండి.

కాగితాలు, అసలు పని ఇక్కడే

చెరువు చెరువేనని మీకు తెలుసు, మీ తాతకి తెలుసు. కోర్టుకి తెలియాలంటే కాగితం కావాలి. ముందు సర్వే నంబరు కనుక్కోండి. తర్వాత అడంగల్ (భూమి, సాగు వివరాల రికార్డు), గ్రామ నక్షా, ఆ నంబరు తాలూకు ఎఫ్‌ఎంబీ అంటే కొలతల స్కెచ్, పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ నకలు తీయండి. పాత రిజిస్టర్‌లో చెరువు పోరంబోకు అని ఉండి కొత్త రికార్డులో ఇంకోలా మారితే, ఎప్పుడు ఎవరి ఉత్తర్వుతో మారిందన్న ప్రశ్న దగ్గరే మీ కేసు సగం ఉంటుంది.

ఇవి మామూలుగా అడిగితే దొరక్కపోతే సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ). మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్లకార్డు ఉన్నవాళ్ల పేరు మీద పెడితే అదీ అక్కర్లేదు, నకలు జత చేస్తే చాలు. జవాబుకి 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. మీ దరఖాస్తు వేరే శాఖకి సంబంధించిందైతే వాళ్లే ఐదు రోజుల్లో అక్కడికి పంపాలి, "మాది కాదు" అని తిప్పి ఇచ్చేయకూడదు.

ఆర్టీఐ రాయడంలో అందరూ చేసే పొరపాటు, "ఎందుకు చర్య తీసుకోలేదు?" అని అడగడం. ఎందుకు అన్నదానికి జవాబు ఇవ్వక్కర్లేదని తప్పించుకుంటారు. కాగితం అడగండి. ఇలా రాయండి: "ఫలానా గ్రామం సర్వే నంబరు ఇంతలో ఆక్రమణల మీద 2020 నుంచి ఇప్పటి వరకు జారీ చేసిన నోటీసుల నకళ్లు, ఆ ఫైలు నోట్ షీట్లు అన్ని పేజీలు, చివరిసారి సర్వే చేసిన తేదీ, సర్వేయర్ రిపోర్టు నకలు ఇవ్వగలరు." నోట్ షీట్లు అడగడం మర్చిపోవద్దు. ఏ అధికారి ఏం రాశాడు, ఫైలు ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు పడుంది, అన్నీ అక్కడే తెలుస్తాయి.

కాగితాలతో పాటు కళ్లతో చూసింది కూడా రికార్డు చేయండి. మదుం (తూము) దగ్గర నిలబడి, గట్టు మీద నిలబడి, ప్రతిసారీ అదే చోటు నుంచి ఫొటోలు తీయండి, తేదీ, లొకేషన్ పడే యాప్‌తో. వర్షాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి. పెద్దవాళ్ల మాటలు వాళ్ల పేరు, వయసుతో రాసి సంతకం, లేదా వేలిముద్ర తీసుకోండి.

అర్జీ పెట్టండి, రసీదు దాచుకోండి

హైకోర్టు అడిగే మొదటి ప్రశ్న, "అధికారులకి చెప్పారా?" కాబట్టి తహసీల్దార్‌కి, ఇరిగేషన్ వాళ్లకి, పంచాయతీ కార్యదర్శికి, కలెక్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నంబరు పడిన రసీదు వస్తుంది. తహసీల్దార్ ఆఫీసులో ఇస్తే మీ కాపీ మీద ముద్ర, తేదీ, సంతకం లేకుండా వెనక్కి రావద్దు. వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి డెలివరీ రిపోర్టు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టండి.

అర్జీలో చట్టం పేరు పెట్టి అడగండి. ప్రభుత్వ భూమి ఆక్రమణలకి 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఉంది, అందులో సెక్షన్ 7 కింద నోటీసు ఇచ్చి సెక్షన్ 6 కింద తొలగించే అధికారం ఉంది. నీటి వనరులకి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ఉంది. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకం ప్రతి రాష్ట్రమూ తయారుచేయాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మూడూ రాసిన అర్జీని అధికారి పక్కన పడేయాలన్నా ఒకసారి ఆలోచిస్తాడు.

కొన్ని సమస్యలకి గడువులుంటాయి, వాటిని దాటితే ఎంత న్యాయమున్నా కష్టం. భూసేకరణలో 2013 చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లో అభ్యంతరాలు రాసివ్వాలి. ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడితే కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. ఆ సభలో గట్టిగా మాట్లాడటం ఒక్కటే చాలదు, అదే విషయాన్ని రాసి ఇచ్చి అందినట్టు తీసుకోండి. సీతంపేట లాంటి ఏజెన్సీ (గిరిజన) ప్రాంతమైతే గ్రామసభ తీర్మానమే మీ ఆయుధం. 1997లో సమత కేసు తీర్పు వచ్చింది మన పక్కనున్న అనంతగిరి మండలం గనుల మీదే, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి గనుల లీజుకి ఇవ్వకూడదని.

ఏ తలుపు తట్టాలి

ప్రతిదానికీ హైకోర్టే అనుకోవద్దు. తాగునీరు, కరెంటు, పారిశుద్ధ్యం లాంటి సేవలకి శాశ్వత లోక్ అదాలత్ ఉంది, ఖర్చు దాదాపు ఉండదు. పర్యావరణ నష్టమైతే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ బెంచి, కానీ సమస్య మొదలైన ఆరు నెలల్లో వెళ్లాలి. పర్యావరణ అనుమతినే సవాలు చేయాలంటే గడువు 30 రోజులే, కారణం చూపిస్తే మరో 60. ఊరందరి తరఫున ఇద్దరు ముగ్గురు జిల్లాలోనే సివిల్ దావా వేసే వీలు కూడా ఉంది. హైకోర్టుకి రాజ్యాంగం 226 అధికరణం కింద వెళ్లేది, చట్ట ప్రకారం చేయాల్సిన పని అధికారులు చేయడం లేదని మీ దగ్గర కాగితం ఉన్నప్పుడు.

మన జిల్లా వాళ్లు మర్చిపోకూడని తేదీ ఒకటి ఉంది, 2010 జూలై 14. సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన రోజు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. బీల చిత్తడి నేల అని, దాని మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయని అక్కడ కాగితాలతో వాదించినవాళ్లు ఉండబట్టే అది సాధ్యమైంది. పొలంలో నిలబడ్డవాళ్లూ ఫైలు మోసినవాళ్లూ ఇద్దరూ లేకపోతే ఆ నేల ఈరోజు ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

అఫిడవిట్ ఊళ్లో చదవండి

పిటిషనర్‌గా ఎవరుండాలి? ఆ ఊళ్లో ఉండే మనిషి, బెదిరిస్తే వెనక్కి తగ్గని మనిషి, ఆ విషయంలో దాచుకునేది ఏదీ లేని మనిషి. చెరువు కింద సొంత పొలం ఉంటే ఉందని రాయండి. ఇంతకు ముందు ఎవరైనా ఇదే విషయం మీద దావా వేసి ఉంటే అదీ రాయండి. దాచి, అవతలి వకీలు బయటపెడితే మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు.

అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి కోర్టుకి ఇచ్చే వాంగ్మూలం, ఇంగ్లిష్‌లో ఉంటుంది. సంతకం పెట్టే ముందు దాన్ని ఊళ్లో తెలుగులో పేరా పేరా చదివి వినిపించమని వకీలుని అడగండి, ఆయన ఊరికి రాకపోతే మాస్టారు చేత చదివించండి. మేం ఒకసారి బడి వరండాలో కూర్చుని చదువుతుంటే, గోడకి ఆనుకుని కూర్చున్న ఒక ముసలామె చెయ్యెత్తింది. "మదుం తూరుపున లేదు బాబూ, ఈశాన్యంలో ఉంది. తూరుపుది మా అత్త ఉన్నప్పుడే మూసేసినారు" అంది. మేమంతా కొత్త స్కెచ్ చూసి రాసుకున్నాం. పాత ఎఫ్‌ఎంబీ తీసి చూస్తే ఆమె చెప్పిందే నిజం. ఆ ఒక్క ముక్క సరిచేయకపోయి ఉంటే అవతలివాళ్ల కౌంటర్‌లో (కోర్టుకి ఇచ్చే జవాబులో) మొదటి పేరా అదే అయ్యేది, "పిటిషనర్లకి చెరువు ఎక్కడుందో కూడా తెలియదు" అని.

ఇక్కడే ఒక కష్టమైన విషయం. గట్టు మీద గుడిసెలు వేసుకున్న పేదవాళ్లు ఉంటారు. చెరువు కప్పి ప్లాట్లు వేసినవాడూ, వేరే చోటు లేక గుడిసె వేసుకున్నవాడూ రికార్డులో ఇద్దరూ ఆక్రమణదారులే. మీరు వేసే పిటిషన్‌తో ముందు లేచిపోయేది గుడిసె. అందుకే కోర్టుకి వెళ్లక ముందే ఆ కుటుంబాలతో కూర్చోండి, వాళ్లకి ఇంటి స్థలాలు ఇవ్వాలని అదే అర్జీలో, అదే పిటిషన్‌లో అడగండి. జగ్‌పాల్ సింగ్ తీర్పు కూడా ప్రభుత్వ ఉత్తర్వుతో భూమి పొందిన భూమిలేని కూలీలు, ఎస్సీ ఎస్టీల విషయాన్ని వేరుగా చూసింది. ఈ పని ఇష్టం లేని వేదికలో నేనైతే ఉండను.

కేసు నడుస్తున్నప్పుడు

నంబరు పడ్డాక హైకోర్టు వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి వాయిదా తేదీలు మీరే చూసుకోవచ్చు, వకీలుని రోజూ విసిగించక్కర్లేదు. ముఖ్యమైన వాయిదాకి మాత్రం ఊరి నుంచి ఇద్దరు వెళ్లండి. ఆముదాలవలసలో రాత్రి రైలెక్కితే పొద్దున్నకి విజయవాడ, అక్కడి నుంచి నేలపాడు. తమ కేసు పిలవడం తమ చెవులతో విన్న మనిషి ఊరికొచ్చి చెప్పే తీరు వేరు.

నెలకోసారి మీటింగు పెట్టండి, చెప్పడానికి ఏమీ లేకపోయినా పెట్టండి. కౌంటర్ రాలేదు, వాయిదా పడింది అన్నదీ సమాచారమే. అది మీరు చెప్పకపోతే అవతలివాళ్లు ఇంకోలా చెప్తారు. వాట్సాప్ గ్రూపులో జడ్జీల గురించి, తీర్పు ఎలా వస్తుందోనన్నదాని గురించి ఒక్క ముక్క రాయనివ్వకండి. ఎవరికైనా బెదిరింపు వస్తే అదే రోజు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి, స్టేషన్‌కి పిలిస్తే ఒంటరిగా వెళ్లొద్దు, ఏ విషయం మీద పిలుస్తున్నారో నోటీసు అడగండి.

ఆర్డర్ వచ్చాక

స్వీట్లు పంచుకోండి, తప్పులేదు. మర్నాడే ఆర్డర్ సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. అది చేతికి రాగానే కవరింగ్ లెటర్‌తో తహసీల్దార్‌కి, కలెక్టర్‌కి ఇచ్చి ముద్ర వేయించుకోండి, ఎందుకంటే "ఆర్డర్ మాకు అందలేదు" అన్న మాట అన్నిటికంటే ఎక్కువగా వింటాం. కోర్టు చెప్పిన గడువు దాటినా అమలు చేయకపోతే కోర్టు ధిక్కార పిటిషన్ వేయొచ్చు, కానీ ఉల్లంఘన జరిగిన ఏడాది లోపే వేయాలి. ఇంకొన్నాళ్లు చూద్దాం అనుకుంటూ ఆ ఏడాది దాటబెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

సర్వేకి వచ్చే రోజు ఊరంతా ఉండాలి. గొలుసు పట్టుకునేటప్పుడు పాత ఎఫ్‌ఎంబీ నకలు మీ చేతిలో ఉండాలి, పంచనామాలో ఏం రాశారో చదివాకే సంతకం పెట్టాలి, ఒప్పుకోని విషయం ఉంటే సంతకం పక్కనే రాయాలి. హద్దు రాళ్లు పాతించండి. ప్రతి సంక్రాంతికి ఇళ్లకి సున్నం వేసేటప్పుడు ఆ రాళ్లకీ వేసి, ఒక్కో రాయి దగ్గర నంబరు కనబడేలా ఫొటో తీసి, రెండు ప్రింట్లు తీయించి, ఒకటి పంచాయతీ ఆఫీసులో ఇచ్చి రెండో దాని వెనక ముద్ర వేయించుకుని ఫైల్లో పెట్టండి.